బ్రాకెట్లో పెట్టిన దెబ్బలు

కైకలూరు,
12 జూన్ 2024.

తోమా మామయ్య గారికి,

సిల్వియా వందనాలు. మీ షరతు ప్రకారం ఉత్తరమే రాస్తున్నాను. డ్రమ్ము పాఠం ఫోన్‌లో అడిగితే జవాబు చెప్పరని, కాగితం మీద అడిగితేనే చెబుతారని అంటే మా ల్యాబ్‌లో అందరూ నవ్వారు. పోస్టాఫీసులో కవరు కొంటుంటే కౌంటర్లో ఆవిడ, "ఎవరికమ్మా, కోర్టు నోటీసా?" అని అడిగింది. మా మామయ్యకండీ అన్నాను. జాలిగా చూసి కవరు చేతికిచ్చింది.

ఉద్యోగం బాగానే ఉంది. పాపారావు గారి రొయ్యల మేత దుకాణం వెనక గదే మా ల్యాబ్. రైతులు పొద్దున ఆరింటికల్లా చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చేస్తారు. ఉప్పెంత, అమ్మోనియా ఎంత అని చూసి చీటీ రాసివ్వడం నా పని. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఎవరూ రారు. అప్పుడు మీరిచ్చిన డ్రమ్ము పాఠాల నోట్‌బుక్ తీస్తాను. డ్రమ్ములు లేవు కాబట్టి లారీ ట్యూబు ముక్క ఒకటి చెక్కకు బిగించుకుని దాని మీద వాయిస్తున్నాను.

మీరు వినమన్న పాత అమెరికన్ ఫంక్ పాటల డ్రమ్మర్లను వరసగా వింటున్నాను. అందరిలోకీ నాకు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ నచ్చాడు. ఆయన పుస్తకాలు చూసి నేర్చుకున్నవాడు కాదట. పుట్టిన ఊళ్లో ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు వింటూ పెరిగాడట. నాకూ ఇక్కడ ఐసు ఫ్యాక్టరీ ఉంది, చెరువుల్లో గాలి కోసం నీళ్లు చిలికే ఏరియేటర్లున్నాయి. ఇంకేం కావాలి?

ఒక్క అనుమానం. పద్నాలుగో పేజీలోని బీటు ఆయన వాయించే తరహాదే. ఆయన వాయిస్తుంటే ముందుండే చిన్న డ్రమ్ము, స్నేర్ మీద గట్టి దెబ్బలు రెండే వినిపిస్తున్నాయి. మన నోట్‌బుక్‌లో స్నేర్ గీత మీద ఏడున్నాయి. ఏడూ కొడితే దుకాణంలోంచి పాపారావు గారు వచ్చి, "ఏమ్మా, రేకులు దింపుతున్నారా?" అన్నారు. నా చెవిలో ఏమైనా లోపముందేమో చెప్పగలరు.

అత్తయ్యకు నా వందనాలు.

మీ మేనకోడలు,
సిల్వియా


తాడేపల్లిగూడెం,
20 జూన్ 2024.

చిరంజీవి సిల్వియాకు,

ఉత్తరం అందింది. లోపం నీ చెవిది కాదు, నీ ఫోనుది. అరచేతిలో పట్టే డబ్బాలోంచి అంత పెద్ద మనిషి ఎలా వినిపిస్తాడు? రెండు దెబ్బలైనా వినిపించాయి, సంతోషించు.

నోట్‌బుక్ మీద అనుమానం వద్దు. దాని కథ నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదనుకుంటాను. 1985లో ఏలూరు మిషన్ కాంపౌండులో ఒక దొరగారి కుటుంబం కొన్నాళ్లుంది. వాళ్లబ్బాయి దగ్గర డ్రమ్ముల సెట్టూ, అది నేర్పే ఇంగ్లీషు పుస్తకమూ ఉండేవి. పుస్తకాన్ని ఆ అబ్బాయి ఎవరి దగ్గరో పాతదిగా కొన్నాడు. నాకు తొమ్మిది రోజులకు ఇచ్చాడు. అప్పటికి నేను డ్రాయింగ్ మాస్టారుగా ట్రైనింగ్ అవుతున్నాను. ఇండియన్ ఇంకు, రూళ్ల పెన్ను పెట్టుకుని ముందు ఇంగ్లీషులో ఉన్న వివరాలు వదిలేసి, దెబ్బల నోట్లున్న తొంభై రెండు పేజీలూ దించాను. ఎనిమిదో రోజు కుడిచేయి వాచిపోయి ఎడమచేత్తో అన్నం తిన్నాను. ఒక్క నోటు కూడా వదల్లేదు. ఆ తర్వాత ఆ అబ్బాయీ వెళ్లిపోయాడు, పుస్తకమూ వెళ్లిపోయింది. గోదావరి జిల్లాల్లో ఆ విద్య నా నోట్‌బుక్‌లోనే మిగిలిందని నేను అనుకుంటూ ఉంటాను. కొంచెం గొప్పగానే అనుకుంటాను.

కాబట్టి ఏడూ కొట్టు. మనసు పెట్టి కొట్టు. పాపారావు గారికి నా నమస్కారాలు చెప్పి, అవి రేకులు కావండీ అని చెప్పు.

ఇక్కడ అందరం బాగున్నాం. చర్చిలో కుర్రాళ్ల సాయంకాలం ఆరాధన కోసం సంఘ పెద్దలు రిథమ్ ప్యాడ్ అనే మిషనొకటి కొంటామంటున్నారు. మీట నొక్కితే అదే వాయిస్తుందట. కుర్రాళ్ల ముచ్చట, కాదనడం దేనికని ఊరుకున్నాను.

ఆశీస్సులతో,
తోమా మామయ్య


కైకలూరు,
2 జులై 2024.

మామయ్య గారికి వందనాలు.

మొన్న ల్యాబ్‌కు రసాయనాలు కొనడానికి ఏలూరు వెళ్లాను. వచ్చేటప్పుడు వట్లూరులో దిగాను. అక్కడ శ్రీహరి గారని ఒకాయన ఇంటి పై అంతస్తులో డ్రమ్ములు నేర్పుతున్నారు. మంచి మనిషి. నేను వాయిస్తానంటే కూర్చోమన్నారు. పద్నాలుగో పేజీ వాయించాను. ఆయన కాసేపు విని, "చేతులు గట్టివమ్మా, మాస్టారెవరండీ?" అని అడిగారు. మీ పేరు చెప్పాను. ఆయన దగ్గర ఫంక్ డ్రమ్ముల పుస్తకాలు నాలుగైదున్నాయి. ఒకటి నాకు చదవడానికిచ్చారు.

మిమ్మల్ని ఒక సంగతి అడగాలి. మీరు దించిన ఆ దొరగారి పుస్తకంలో కొన్ని నోట్ల చుట్టూ బ్రాకెట్లు ఉండేవా? గుర్తుంటే రాయండి. తొందరేం లేదు.

పద్నాలుగో పేజీ బాగానే సాగుతోంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. కొల్లేరు వైపు నుంచి వచ్చే రైతులు నీళ్ల సీసాలతో పాటు మోకాళ్ల దాకా బురద కూడా తెచ్చి ల్యాబ్‌లో దింపుతున్నారు.

సిల్వియా


తాడేపల్లిగూడెం,
10 జులై 2024.

చిరంజీవి సిల్వియాకు,

భలే ప్రశ్న అడిగావు. ఉండేవి. ఎందుకు గుర్తున్నాయంటే, అవి నన్ను బాగా విసిగించాయి. ఆ పుస్తకం అంతకుముందు ఎవరి చేతుల్లో పడిందో గానీ పేజీకి పది పెన్సిలు గీతలు. తారీకులు, బాణాలు, వేళ్ల గుర్తులు, మధ్యలో ఎవరో అమ్మాయి పేరు కూడా. వాటితో పాటే నోట్ల చుట్టూ సన్నటి బ్రాకెట్లు. చదువుకున్నవాడెవడో తనకు రానివాటికి గుర్తులు పెట్టుకున్నాడని గ్రహించి అన్నీ వదిలేసి శుభ్రంగా దించాను. పక్కవాడి గీతలు మన కాగితం మీదికి రానివ్వకూడదని నేను బళ్లో పిల్లలకు ముప్ఫై ఏళ్లు చెప్పాను.

ఆ శ్రీహరి గారు నా పేరు విన్నారా? వినే ఉంటారు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పటికి అరవై నలుగురు. గుండుగొలను చర్చిలో మన చంటి వాయిస్తున్నాడు. కొల్లేరు లంకల్లో నావాళ్లు వాయించే చర్చిలే పదకొండున్నాయి. అందరూ ఇదే నోట్‌బుక్, ఇవే చేతులు.

ఇక్కడ పాస్టరు గారి భార్య విక్టోరియా గారు కీర్తనలో మాటలు వినపడటం లేదని మళ్లీ అంటున్నారు. మైకులు పాతవైపోయాయి. పెద్దలకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు.

పద్నాలుగు అయిపోతే పదిహేనుకు వెళ్లు. అందులో స్నేర్ మీద తొమ్మిదున్నాయి, జాగ్రత్త.

తోమా మామయ్య


కైకలూరు,
18 జులై 2024.

మామయ్య గారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. ఇప్పుడు చించకుండా పోస్టు చేస్తాను.

ఆ బ్రాకెట్లు ఎవరో పెట్టిన గుర్తులు కావండీ. పుస్తకంలో అచ్చు వేసినవే. శ్రీహరి గారిచ్చిన పుస్తకంలో ఐదో పేజీలో వాటి అర్థం రాసి ఉంది. బ్రాకెట్లో ఉన్న దెబ్బను వినీ వినపడనట్టు కొట్టాలట. స్టిక్కు డ్రమ్ము చర్మం మీంచి అంగుళం కంటే పైకి లేవకూడదట. మన పద్నాలుగో పేజీలోని బీటు అందులోనూ ఉంది, ఏడు దెబ్బల్లో ఐదు బ్రాకెట్లోవి. గట్టివి రెండే. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయిస్తుంటే నాకు వినిపించినవి ఆ రెండే. మిగతా ఐదూ ఆయనా వాయిస్తున్నాడు. అవి విడిగా వినపడవు, కానీ అవి లేకపోతే బీటు చచ్చిపోతుంది.

మా ల్యాబ్ వెనక చెరువులో ఏరియేటరు రెక్క ఒకటి వంగిపోయింది. మిగతా రెక్కలు నీళ్లను బాదుతుంటే ఇది ఊరికే తాకి వెళుతుంది. దాన్ని విన్నాక ఆ పేజీ నాకు అర్థమైంది. ఇప్పుడు పరీక్ష గొట్టాల స్టాండు బల్ల మీదే ఉంచి వాయిస్తున్నాను. బ్రాకెట్లో దెబ్బకు గొట్టాలు గలగలమంటే నేను తప్పినట్టు. మొదటి వారమంతా గలగలమంటూనే ఉన్నాయి.

వట్లూరు నుంచి వచ్చిన రోజే నాకు సంగతి తెలుసు. మీకు రాయలేకపోయాను. ఎప్పటికీ రాయకుండా ఉందామని కూడా అనుకున్నాను. కానీ ఆదివారం అత్తయ్య ఫోన్ చేసింది. ఆ మిషను కుర్రాళ్ల ఆరాధన కోసం కాదని చెప్పింది. మీ డ్రమ్ముల మోతలో కీర్తనలు వినపడటం లేదని పెద్దలు తీర్మానం చేశారట కదా. ఆగస్టు ఇరవై ఐదే మీకు ఆఖరి ఆదివారమట, ఆ తర్వాత మీ చోట మిషను పెడతారట కదా. మీరు సరిగ్గా భోంచేయడం లేదని కూడా చెప్పింది. మీరు నాకు ఆ ముక్క రాయలేదు. నేనూ మీకు ఈ ముక్క రాయలేదు. ఇద్దరం ఒకటే.

మైకులు బాగానే ఉన్నాయి మామయ్యా. ఐదు దెబ్బలు ఎక్కువయ్యాయి. ఇంకా ఆరు ఆదివారాలున్నాయి.

కోపమొస్తే నన్ను తిట్టండి. పుస్తకాన్ని తిట్టకండి.

సిల్వియా


తాడేపల్లిగూడెం,
24 జులై 2024.

సిల్వియాకు,

నా నోట్‌బుక్ వెంటనే వెనక్కి పంపు.

తోమా


కైకలూరు,
29 జులై 2024.

మామయ్య గారికి వందనాలు.

నోట్‌బుక్ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. అందులో నేను ఏమీ దిద్దలేదు. పెన్సిలు కూడా తాకించలేదు. మీరు చూసుకోవచ్చు.

దాంతో పాటు ఆ అచ్చు పుస్తకం కూడా పెట్టాను. శ్రీహరి గారిని అడిగాను. "ఎన్నాళ్లైనా ఉంచుకోమనండి. చేత్తో తొంభై రెండు పేజీలు దించిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు, వీలైతే ఒకసారి కలుస్తానని చెప్పండి," అన్నారు. మీకు ఇష్టం లేకపోతే తెరవకుండా పక్కన పెట్టండి.

సిల్వియా


తాడేపల్లిగూడెం,
26 ఆగస్టు 2024.

చిరంజీవి సిల్వియాకు,

నీకు నెల రోజులుగా ఉత్తరం రాయలేదు. కోపంతో కొన్నాళ్లు, మొహం చెల్లక కొన్నాళ్లు. ఏది ఎన్నాళ్లో విడదీసి చెప్పలేను.

పార్సిలు వచ్చిన రోజు నోట్‌బుక్ తీసి బీరువాలో పెట్టేశాను. అచ్చు పుస్తకాన్ని ముట్టుకోలేదు. పన్నెండు రోజులు అది బల్ల మీదే ఉంది. దాని పక్కనే భోంచేశాను. పదమూడో రోజు మీ అత్తయ్య బల్ల తుడుస్తూ, "ఇది లోపల పెట్టమంటారా, చదువుతారాండీ?" అని అడిగింది. చదువుతానని నోటంట వచ్చేసింది. అన్నాక చదవక తప్పలేదు.

ఐదో పేజీ దగ్గరే ఆగిపోయాను. నువ్వు రాసింది అక్షరాలా నిజం. ముప్ఫై తొమ్మిదేళ్లు నేను దాచుకున్న గొప్పంతా ఆ సన్నటి బ్రాకెట్ల దగ్గర పోయింది. చెత్త అనుకుని నేను వదిలేసిందే అసలు విద్య. నాకు చాలా బాధేసింది, సిల్వియా.

మర్నాడు నోట్‌బుక్ బయటికి తీసి ఎర్ర పెన్సిలు చెక్కాను. అచ్చు పుస్తకంలో ఉన్న తరహా బీట్లన్నీ పోల్చుకుంటూ బ్రాకెట్లు పెట్టాను. నాలుగు రోజులు పట్టింది. అనుమానం ఉన్నచోట నీ క్లైడ్‌ను విన్నాను. ఎదురింటి పిల్లను అడిగి చెవుల్లో పెట్టుకునేవి తెచ్చుకున్నాను. ఆ చిన్న దెబ్బలు నాకూ వినిపించాయి. నేను ఆయన్ని ఇన్నేళ్లు బలం కోసం మెచ్చుకున్నాను. ఆయన గొప్పతనమంతా ఎంత తక్కువగా తాకుతాడో అందులో ఉంది.

తెలియడం వేరు, చేతికి రావడం వేరు. అరవై రెండేళ్ల చేయి మాట వినదు. స్నేర్‌కు రెండు వైపులా గుంజలు కట్టి, చర్మానికి అంగుళం పైన దారం లాగి కట్టాను. స్టిక్కు దారానికి తగిలితే తప్పు. మీ అత్తయ్య చూసి, "ఏంటండీ ఇది, పొట్లపాదు వేస్తున్నారా?" అంది. రోజుకు మూడు గంటలు ఆ పొట్లపాదు కింద వాయించాను. ఎందుకో ఆవిడకు చెప్పలేదు. నువ్వు రాసింది కూడా ఎవరికీ చెప్పలేదు.

నిన్ననే ఇరవై ఐదు. చర్చికి వెళ్లేసరికి మిషను డబ్బా వేదిక పక్కన సిద్ధంగా ఉంది, ఇంకా విప్పలేదు. నేను మామూలుగా వెళ్లి నా స్టూలు మీద కూర్చున్నాను. స్టిక్కులు మూడుసార్లు తుడుచుకున్నాను. ముప్ఫై రెండేళ్లలో అలా ఎప్పుడూ చేయలేదు.

మొదటి కీర్తనకు రెండే గట్టిగా కొట్టాను. ఐదు తాకించాను. మొదటి చరణంలో మూడు చోట్ల తప్పాను, నాకే తెలిసింది. రెండో చరణానికి చేయి కుదురుకుంది. అప్పుడు నాకు ఫ్యాన్లు తిరిగే చప్పుడు వినిపించింది. కీర్తనల పుస్తకాల్లో పేజీలు తిప్పడం వినిపించింది. తర్వాత నా ఎడమవైపు నుంచి ఒక గొంతు వినిపించింది. కొంచెం సన్నగా, చరణం చివర కొంచెం ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ అందుకునే గొంతు. ఎవరా అని తల తిప్పి చూశాను. మీ అత్తయ్య.

పెళ్లయిన ఏడాది నుంచీ ఆవిడ అక్కడే నిలబడి పాడుతోంది, నాకు నాలుగడుగుల దూరంలో. ఇంట్లో ఎప్పుడైనా పాడమంటే, "చర్చిలో పాడుతున్నాను కదండీ, అక్కడ వినండి," అనేది. వింటున్నాను అనేవాణ్ణి. ఆవిడ పెదాలు కదలడం చూసి విన్నాననుకున్నాను. నిన్నటిదాకా నా స్నేహలత గొంతు నాకు తెలియదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. బీటు మాత్రం వదల్లేదు, అది నీకు చెప్పాలి.

ఆరాధన అయ్యాక విక్టోరియా గారు నా దగ్గరికొచ్చి, "ఇవాళ వాయించలేదేంటండీ తోమా గారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. వాయించానండీ అన్నాను. ఆవిడ నమ్మలేదు. సంఘ పెద్ద రాజకుమార్ గారు కాసేపు గడ్డం గోక్కుని, "డబ్బా ఇంకా విప్పలేదు కదండీ, క్రిస్మస్ దాకా అలాగే ఉంచి చూద్దాం," అన్నారు. మా పెద్దల భాషలో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

నా చోటు నిలబడింది. కానీ ఇంటికొచ్చాక నా దగ్గర నేర్చుకున్నవాళ్లు గుర్తొచ్చారు. అరవై నలుగురికి ఇదే నేర్పాను. నిన్న నేను విన్నట్టు వాళ్ల చర్చిల్లో ఎవరు ఎవర్ని వింటున్నారు? నా మాట మీద గురి పెట్టి, నేనిచ్చిన బలంతో బాదుతున్నారు పిల్లలు. ఇవాళ పొద్దున ఉత్తరాలు రాయడానికి కూర్చున్నాను. మొదటిది చంటికి. "నీకు నేను తప్పు నేర్పాను" అనే వాక్యం రాయడానికి గంట పట్టింది. రెండోవాడికి అరగంట. ఇప్పటికి పదకొండు అయ్యాయి. ఉత్తరంతో చేయి కుదరదని నాకే తెలుసు కాబట్టి ఆదివారానికొక చర్చికి నేనే వెళ్లి పక్కన కూర్చుని దిద్దుతాను. వచ్చే ఆదివారం గుండుగొలను.

అందుకని నీతో పని పడింది. నేను లేనప్పుడు స్టూలు ఖాళీగా ఉంటే డబ్బా విప్పేస్తారు. సెప్టెంబరు ఒకటి నుంచి నువ్వొచ్చి కూర్చో. శనివారం సాయంత్రమే బయల్దేరు. మా చర్చిలో ఆడపిల్ల డ్రమ్ముల ముందు కూర్చోవడం ఇదే మొదలు. పెద్దలు కొంచెం గొణుగుతారు. రెండు కొట్టి ఐదు తాకించు, వాళ్ల గొణుగుడు కూడా నీకు స్పష్టంగా వినిపిస్తుంది. నా చోట కూర్చోవడానికి నీకంటే తగినవాళ్లు లేరు. ఈ పాఠం నాకు నేర్పింది నువ్వు.

ఎర్ర బ్రాకెట్లు పెట్టిన నోట్‌బుక్ నీ కోసం తీసి ఉంచాను. శ్రీహరి గారి పుస్తకం నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను.

ఇంకొక్క సంగతి. ఇది నీలోనే ఉంచుకో. మీ అత్తయ్యను కూడా నాతో గుండుగొలను రమ్మన్నాను. "సిల్వియా వస్తుంటే నేనిక్కడ ఉండాలి కదండీ, అక్కడ నాకేం పని?" అంది. చంటి వాళ్ల చర్చిలో పాడేవాళ్లు తక్కువని, తనొస్తే సాయంగా ఉంటుందని అబద్ధం చెప్పాను. అక్కడ పాడేవాళ్లు నలభై మంది ఉన్నారు. నిన్ను అడిగితే పాడేవాళ్లు తక్కువేనని నువ్వూ చెప్పు. ఆవిడ పాట ఒక్క ఆదివారమే విన్నాను, సిల్వియా. వచ్చే ఆదివారం వినకుండా ఉండలేను.

మీ మామయ్య,
తోమా